ఉస్తాద్ ఇచ్చేసిన అచ్చు

నేను చేరిన రోజున ఆ దుకాణం పైకప్పుకు కొనేవాళ్లు లేని దీపాలు వేలాడుతున్నాయి. అన్నీ బగ్గీ దీపాలే. గుర్రపు బగ్గీకి రెండు పక్కలా బిగించేవి, ఇత్తడి అంచులవి, ముందుకు తెల్ల అద్దం, వెనక్కు ఎర్ర అద్దం ఉన్నవి. మొఘల్‌పురాలోని ఆ రేకుపని దుకాణం తాతల కాలం నుంచీ జాగీర్దార్ల పెద్ద భవనాలకు, అంటే దేవిడీలకు, దీపాలు చేసిపెట్టింది. జాగీర్లు పోయాయి. దేవిడీల వాళ్లు గుర్రాలను అమ్ముకున్నారు. బగ్గీల్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. అయినా ఆ ఉదయం నేను వెళ్లేసరికి నలుగురు మనుషులు తలలు వంచుకుని కొత్త దీపాలు చేస్తున్నారు.

నేను అప్పుడే ఇంజనీరింగ్ డిప్లొమా పుచ్చుకున్నవాణ్ణి. ఏ వస్తువైనా ఎవరి కోసం, ఏ కొలతలో, ఏ లోహంతో అనే మూడు ప్రశ్నలతో మొదలుపెట్టాలని మాకు నేర్పారు. ఇక్కడ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

"ఇవి ఎవరు కొంటరు?" అని అడిగాను.

"ఎవరు గొనరు," అన్నాడు యజమాని. యాభై దాటిన మనిషి, మా నాన్నకు ఎరుకైనవాడు. పాతబస్తీలోనే పుట్టి పెరిగిన తెలుగువాడే గానీ, చిన్నా పెద్దా అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేవారు.

"మరెందుకు చేస్తున్నరు?"

"చేతులు ఊకె కూసుంటే పని మర్చిపోతయి. జీతం ఎట్లాగు ఇస్తున్న గద."

అమ్ముడుపోని సరుకు చేయించడానికి రేకు కొని, టంకం కొని, జీతాలిచ్చే మనిషిని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. నిజానికి ఆయన దగ్గర ఇంకెంతో కాలం జీతాలివ్వడానికి ఏమీ లేదు. అది దుకాణంలో అందరికీ తెలుసు. నన్ను పిలిపించింది అందుకే.

బేగంబజార్‌లో గిన్నెలు, లాంతర్లు టోకుగా అమ్మే సేట్ ఒకాయన ఉస్తాద్‌కు ఒక మాట చెప్పాడు. బొంబాయి నుంచి వత్తుల స్టవ్వులు వస్తున్నాయి, జనం ఎగబడుతున్నారు, అలాంటిది మీరు ఇక్కడే చేసిపెడితే మీ సరుకంతా నేనే తీసుకుంటాను. వానలు పడి కట్టెలు తడిసే లోపల కావాలి. లేకపోతే నేను బొంబాయికే రాస్తాను. ఉస్తాద్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఆ మాట చెప్పి, తన మాట కూడా ఒకటి కలిపాడు. "వానల లోపల స్టవ్వు గాకుంటే దుకాణం మూస్త. మీరు వేరే దగ్గర చూస్కోండ్రి." చెప్తున్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది. చేతిలో ఉన్న రేకుముక్కను మాత్రం అదే పనిగా వంచుతూ, నిటారు చేస్తూ ఉన్నాడు.

బొంబాయి స్టవ్వు ఒకటి తెచ్చి విప్పాం. అడుగున కిరసనాయిలు డబ్బా, దానిమీద వత్తులు, వత్తుల చుట్టూ ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు చిల్లుల గొట్టాలు. మంట ఆ రెండు గొట్టాల మధ్య నుంచి పైకి లేస్తుంది. చూస్తే ఇంతే. చేస్తే మొదటిది పొగ కక్కింది. రెండోది పొగ కక్కకుండా ఆరిపోయింది. మూడోది బాగా మండింది గానీ, డబ్బా అతుకు దగ్గర కారింది. ఆ తర్వాతిదాన్ని ఉస్తాద్ ఇంట్లోకి పంపాడు. కాసేపటికి ఆయన భార్య గిన్నె పట్టుకుని దుకాణంలోకే వచ్చింది. గిన్నె అడుగు నిగనిగలాడే నలుపు.

"ఇది పొయ్యి గాదు," అంది. "కాటుక చేసే మిషన్. పండుగకు వాడకట్టంతా పంచుత, ఇంకో రెండు పంపు."

నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు. తప్పు ఎక్కడుందో నాకు తెలియలేదు.

తోవ రెండు వైపుల నుంచి దొరికింది. గాలికి ఊగుతూ పరుగెత్తే బగ్గీ మీద ఆరిపోకుండా మండే దీపం చెయ్యడం వాళ్లకు తెలుసు. దానికి గాలి పక్కనుంచి కాదు, రెండు గోడల మధ్య సందులోంచి అడుగుకు వచ్చి పైకి పోవాలి. అదే సందు స్టవ్వుకూ కావాలని ఉస్తాద్ పట్టుకున్నాడు. కానీ ఒక్కొక్కరు ఒక్కోలా చిల్లులు కొట్టేవారు. ఒకరి గొట్టం ఇంకొకరి డబ్బా మీద కూర్చునేది కాదు. మంట ఒక స్టవ్వులో నీలంగా, పక్కదాంట్లో పసుప్పచ్చగా. అక్కడ నా చదువు పనికొచ్చింది. చిల్లుల దూరాలు లెక్కకట్టి గీశాను. రెండు ఉక్కు పలకలు కోయించి, మధ్యలో రేకు పెట్టి పైనుంచి పోటు వేస్తే చిల్లులన్నీ ఒకే వరసలో పడేలా అచ్చు చేశాను. ఆ రేకును చుట్టడానికి ఒక ఉక్కు దిమ్మె. దిమ్మెకు చుట్టిన గొట్టం ఏదైనా సరే, ఏ డబ్బా మీదైనా కూర్చుంటుంది.

ఆ అచ్చుతో చేసిన మొదటి స్టవ్వు మంట చుట్టూరా సమంగా, నీలంగా లేచినప్పుడు ఉస్తాద్ చాలాసేపు దానిముందే గొంతుకూర్చున్నాడు. "ఇంజినీర్ సాబ్, చాయ్ పెట్టిద్దమా దీనిమీద?" అన్నాడు. అదే నాకు పెద్ద బహుమానం. సేట్ మొదటి విడత పట్టుకుపోయాడు. జనం మళ్లీ మళ్లీ అడుగుతున్నారని కబురు పెట్టాడు. దుకాణం గట్టెక్కిందనే నేను అనుకున్నాను.

ఆ నలుగురిలో టంకంపని బాగా వచ్చినవాడు ఒకడున్నాడు. ముప్ఫయ్యేళ్ల మనిషి. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. అతను అతికిన డబ్బా కారడం నేను చూడలేదు. ఒక గురువారం పొద్దున అతను ఉతికిన ధోతి కట్టుకుని, దోసిట్లో చక్కెర పొట్లం, పూలదండ పట్టుకుని వచ్చాడు. పని మొదలుపెట్టలేదు. మిగతా ముగ్గురు కూడా సుత్తెలు కింద పెట్టి నిలబడ్డారు. ఏమిటని పక్కవాణ్ణి అడిగాను.

"సొంత దుకాణం పెడుతుండు. ఛత్రినాకల," అన్నాడు.

ఛత్రినాక మా ఇల్లున్న చోటే. వారం రోజులుగా ఒక ఖాళీ దుకాణం మడిగెకు సున్నం వేయడం చూస్తూనే ఉన్నాను. ఎవరిదని అడగాలని తోచలేదు.

అన్న ఉస్తాద్ మెడలో దండ వేసి కాళ్లు మొక్కాడు. ఉస్తాద్ అతని భుజం మీద కొత్త తువ్వాలు కప్పి, నోట్లో చక్కెర పెట్టాడు. తర్వాత అందరూ వినేటట్టు అన్నాడు, "అడుగు. ఏం గావాలె?"

ఆ వీధుల్లో అది ఆనవాయితీ అని నాకు ఆ క్షణం దాకా తెలియదు. పని నేర్చి వెళ్లిపోయేవాడు దుకాణంలోంచి ఒక పనిముట్టు అడుగుతాడు. ఉస్తాద్ లేదనకూడదు. కత్తెర అడిగినవాళ్లున్నారట, సుత్తె అడిగినవాళ్లున్నారట. టంకం కడ్డీ అడుగుతాడని ఆ రోజు అందరూ అనుకున్నారు.

"అచ్చు," అన్నాడు అన్న. తల ఎత్తలేదు. "చిల్లుల అచ్చు, దిమ్మె."

బయట వీధిలో పింజారి దూదేకే చప్పుడు స్పష్టంగా వినిపించింది. నేను ఉస్తాద్ ముఖం చూశాను. ఆయన ముఖంలోంచి రక్తం దిగిపోవడం చూశాను. ఆయన కూడా దీన్ని ఊహించలేదు. ఇప్పుడు ఏదో ఒకటి అంటాడు, నవ్వుతూనే కాదంటాడు, ఇంకేదన్నా అడగమంటాడు అని ఎదురుచూశాను. ఆయన అరుగు దగ్గరికి నడిచి, పలకలు రెండూ, దిమ్మె తీసి, నూనెగుడ్డతో తుడిచి, అదే గుడ్డలో చుట్టి అతని చేతుల్లో పెట్టాడు.

అన్న వెళ్లిపోయాక నాలుగు మాటలు అనాలనుకుని పన్నెండు అన్నాను. మొదటిది, అది సుత్తె కాదు, బజార్లో దొరకదు. రెండోది, మనకు అమ్మకం ఉన్నదే దానివల్ల. మూడోది, అతను పోయేది వేరే ఊరు కాదు. నాలుగోది, అదే సేట్ దగ్గరికి అతనూ పోతాడు. మిగతావి ఇప్పుడు గుర్తులేవు, గొంతు పెరగడం ఒక్కటే గుర్తుంది.

ఉస్తాద్ అన్నీ విన్నాడు. "అయిందా?"

"లేదంటే ఏమయితుండె?"

"నా నెత్తి గూడ తిరిగిందిరా బిడ్డా. అయినా ఇను," అన్నాడు. "లేదంటే ఏం గాదు. వాడు ఏడ్చుకుంట పోతుండె. రేపు ఈ ముగ్గురు పని జేస్తరు, ఎల్లుండి గూడ చేస్తరు. కొత్తోడు మాత్రం ఒక్కడు రాడు. ఎందుకొస్తడు చెప్పు? నేనిచ్చే జీతానికి వస్తడా? ఒకనాడు నా దుకాణం నేను బెట్టుకుంట, ఉస్తాద్ చెయ్యిస్తడు అని వస్తడు. గట్లనే చేతులు కాల్చుకుని నేర్చుకుంటడు. నేను గట్ల నేర్చుకున్నోన్నే."

"మరి మనం ఎట్ల బతకాలె?"

"నువ్వున్నవ్ గద. ఇంకోటి చెయ్యి."

ఆ జవాబు నన్ను ఊరడించలేదు. ఇంకా మండించింది. ఆ పూట సైకిలెక్కి ఇంటికి పోయాను. మర్నాడు రావద్దనే అనుకున్నాను. వచ్చాను. ఎందుకంటే లెక్క అప్పటికే నా తలలో నడుస్తోంది. మొదటి అచ్చులో పైవరస చిల్లులు కొంచెం పెద్దవి, మంట అంచు అక్కడ ఎర్రబారేది. రెండో అచ్చులో అది సరిచేయొచ్చు. దానితోపాటు ఇంకో ఉపాయం కూడా తోచింది. గొట్టం అడ్డుకొలత నూలు వాసి మారిస్తే చాలు. అతని గొట్టాలు మన డబ్బాలకు పట్టవు, మన గొట్టాలు అతని డబ్బాలకు పట్టవు. మన స్టవ్వు కొన్నవాడు గొట్టం కాలిపోతే మన దగ్గరికే రావాలి. గీసిన కాగితం ఉస్తాద్‌కు చూపించాను.

ఆయన చిల్లుల మార్పు చూసి బాగుందన్నాడు. అడ్డుకొలత దగ్గర వేలు పెట్టాడు. "ఇది మార్చకు."

"ఎందుకు?"

"మన స్టవ్వు కొన్న ఇంటామె గొట్టం కాలిపోయి వాడకట్టుల ఉన్న దుకాణానికి పోతది. పట్టలేదనుకో, ఎవర్ని తిడతది? చేసినోన్ని తిడతది. వాన్ని గాదు, నన్ను."

చిల్లులు సరిచేసి రెండో అచ్చు చేశాను, కొలత మాత్రం మార్చలేదు. నాకు మనసు ఒప్పలేదు.

నేను భయపడ్డదంతా వరసగా జరిగింది. అన్న స్టవ్వులు బేగంబజార్‌కు చేరాయి. సేట్ మా సరుకు తగ్గించాడు. ఒకరోజు తానే వచ్చి చాయ్ తాగుతూ, "దేఖో ఉస్తాద్, నీ శాగిర్దు నీ కంటె తక్కువకు ఇస్తుండు. నేను వ్యాపారం చేసేటోన్ని, ఏం చెయ్యాలె చెప్పు," అన్నాడు. ఉస్తాద్ ధర తగ్గిస్తాననలేదు. సేట్ అక్కణ్ణుంచి నేరుగా ఛత్రినాకకు పోయి, ఉస్తాద్ ధర తగ్గించడానికి సిద్ధంగా ఉన్నాడని అక్కడ చెప్పాడట. అన్న ఇంకొంత దిగాడు. ఆ సంగతి మా వీధిలో తెలిసినవాళ్లు చెబితే తెలిసింది. ఆకాశం మబ్బు పట్టడం మొదలైంది. చేసిన స్టవ్వులు అరుగు కింద పేరుకుంటున్నాయి. పనివాళ్లలో ఒకడు వేరే చోట అడిగి వచ్చాడు. ఉస్తాద్ రాత్రి భోంచెయ్యడం లేదని ఆయన భార్య నాతో చెప్పింది. దుకాణం మూతపడుతుందని ఈసారి ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

అప్పుడు సేట్ నుంచి పిలుపు వచ్చింది. వానకాలానికి పెద్ద సరుకు కావాలి, జిల్లాలకు పంపాలి, ఒక్కరికే ఇస్తాను, స్టవ్వు తీసుకుని రండి అని. ఉస్తాద్ స్టవ్వును గోనెసంచిలో పెట్టి నా సైకిల్ వెనక కట్టించాడు. నయాపూల్ దాటి ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. సేట్ దుకాణంలోకి అడుగు పెట్టాం. అన్న అక్కడే ఉన్నాడు. అతని ముందు కూడా ఒక స్టవ్వు ఉంది. మమ్మల్ని చూసి అతను దిగ్గున లేచి నిలబడ్డాడు. అతని ముఖం చూస్తే మేం వస్తామని అతనికీ తెలియదని అర్థమైంది.

సేట్ చాలా హుషారుగా ఉన్నాడు. రెండు స్టవ్వులూ పక్కపక్కన పెట్టించి వెలిగించాడు. మూటలు మోసే హమాలీలు కూడా చూడ్డానికి ఆగారు. రెండు మంటలూ నీలమే; అన్న స్టవ్వు పైఅంచున ఉన్న సన్నటి ఎరుపు పనివాళ్ల కంటికే ఆనుతుంది. సేట్ వంగి అటూ ఇటూ చూశాడు. ఆర్పించి, చల్లారాక, దీని గొట్టం దానికీ, దాని గొట్టం దీనికీ మార్పించి మళ్లీ వెలిగించాడు. ఏదో ఒకటి తేడా వస్తే, ఆ తేడా చూపించి బేరం ఆడదామని అతని ఆలోచన. రెండు గొట్టాలూ చక్కగా కూర్చున్నాయి. మంటలు లేచాయి. ఒక హమాలీ, "రెండు ఒకటే సేట్, కవల పిల్లలు," అని నవ్వాడు.

"సరే, మాల్ ఒకటే," అన్నాడు సేట్, చేతులు దులుపుకుని. "ఇగ ధర మాట్లాడుదం. ఉస్తాద్, చెప్పు."

ఉస్తాద్ పాత ధరే చెప్పాడు. ఒక్క పైసా తగ్గించలేదు. ఇప్పుడు ఎదుటివాడు ఏమంటాడో నాకు తెలుసు, సేట్‌కు తెలుసు, హమాలీలకు కూడా తెలుసు.

సేట్ నవ్వుతూ అన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు."

అన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"మొన్న నాతోని ఏం చెప్పినవో గదే చెప్పు. సిగ్గెందుకు?"

అన్న నేల చూస్తూ నిలబడ్డాడు. పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి. చివరికి, "ఉస్తాద్ చెప్పిండు గద," అన్నాడు. "గదే."

"గదే ఏంది?"

"ఉస్తాద్ ఉన్న కాడ నేను కిందికి చెప్పలేను సేట్. నోరు రాదు."

అది ప్రేమ కాదు. అతని కళ్లలో కోపం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ బేరం పోతే అతని కొత్త దుకాణం కూడా మునుగుతుంది. ఆనవాయితీని అడ్డం పెట్టుకుని అచ్చు అడిగి తీసుకున్న మనిషి, అదే ఆనవాయితీ గొంతు పట్టుకుంటే కదల్లేకపోయాడు. వేర్వేరుగా ఉన్నన్నాళ్లు ఇద్దరినీ చక్కగా ఆడించిన సేట్, ఇద్దరినీ ఒక్క కప్పు కిందికి పిలవడంతోనే తప్పు చేశాడు. బేగంబజార్‌లో పెరిగిన వ్యాపారికి ధర అంటే ధరే. మనిషి ఎదురుగా ఉంటే ఆ ధర నోట్లోంచి రాదని అతను ఎరగడు.

సేట్ బెదిరించాడు. బొంబాయికి రాస్తానన్నాడు. "రాయి సేట్," అన్నాడు ఉస్తాద్ మెల్లగా. "గూడ్సు బండిల వచ్చేటాళ్లకు వానలు సగం అయిపోతయి." సేట్ చాలాసేపు గొణుగుతూ తిరిగి, చివరికి సరుకును ఇద్దరికీ చెరిసగం చేశాడు, ఉస్తాద్ చెప్పిన ధరకే.

బయటికి వచ్చి నాలుగడుగులు వేశామో లేదో అన్న విరుచుకుపడ్డాడు.

"నువ్వెందుకొచ్చినవ్ ఉస్తాద్? నువ్వు రాకుంటే మొత్తం నాకే అయితుండె."

"తెలుసు."

"తెలిసే వచ్చినవా?"

"సేట్ పిలిచిండు. వచ్చిన."

"నన్ను పిలిచిండని తెలుసా తెల్వదా, గది చెప్పు."

ఉస్తాద్ నా వైపు తిరిగి, "సైకిల్ సక్కగ పట్టు, సంచి జారుతున్నది," అన్నాడు. ఆయనకు ముందే తెలుసా అన్నది నేను తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

అన్న ఇంకా కాసేపు తిట్టాడు. నన్నూ తిట్టాడు, రెండో అచ్చులో పైవరస చిల్లులు మార్చినందుకు. "నా దాన్ల గూడ గట్ల కొట్టియ్యాలె, మంట ఎర్రగొడుతున్నది," అన్నాడు, అదేదో నేను అతనికి బాకీ ఉన్నట్టు. నయాపూల్ మీద చినుకులు మొదలయ్యాయి. ముగ్గురం అడుగులు పెంచాం. వంతెన సగం దాటాక అతను గొంతు తగ్గించి ఉస్తాద్‌ను అడిగాడు.

"రేకు ఉన్నదా నీ తాన? నా దగ్గర సగం సరుకుకు గూడ లేదు."

నేను ఉస్తాద్ ముఖంలోకి చూశాను. ఇప్పుడైనా కాదంటాడని ఆశ. మా దగ్గర ఉన్న రేకు మా పనికే చాలదని ఆ పొద్దున లెక్క చూసింది నేనే.

"ఎంత గావాలె?" అని అడిగాడు ఉస్తాద్. తర్వాత, "ఊకె ఇయ్యను. ఇద్దరి డబ్బాలన్ని నువ్వే అతికియ్యి. నీ టంకం నా కాడ ఎవనికి రాదు. గొట్టాలు నేను కొడ్త," అన్నాడు.

అన్న వానలో నిలబడి ఆలోచించాడు. "అచ్చు వాపస్ ఇయ్యను," అన్నాడు.

"ఎవడు అడిగిండు?"

మర్నాడు తెల్లవారగానే రేకు కట్టలు బండి మీద ఛత్రినాకకు పోయాయి. నేను దగ్గరుండి ఎక్కించాను. వేరే చోట పని అడిగి వచ్చిన మనిషి కూడా వచ్చి ఒక పక్క పట్టాడు. దుకాణం మూతపడలేదు. ఆ వానలకు మూతపడలేదు, ఆ తర్వాతి వానలకూ లేదు. బండి మలుపు తిరిగేదాకా నేను వీధిలో నిలబడి చూశాను. చదువుకున్న లెక్కల్లో ఏ ఒక్కదాని ప్రకారం చూసినా, ఆ రేకు అటు పోకూడదు.